మూడుగంటల మహారాణి

తడి దుప్పటి ఎంత బరువుంటుందో లాడ్జిలో దాని మీద పడుకునేవాళ్ళకి తెలియదు, మేడ మీద ఆరేసేవాళ్ళకి తెలుస్తుంది. రెండంచులూ పట్టుకుని ఒక్క విదిలింపు విదిలించి, చేతులు తలపైకెత్తి తాడు మీదికి విసరాలి. విసిరాక అంచుకి అంచు కలిపి క్లిప్పులు పెట్టాలి. క్లిప్పులు నడుముకి కట్టుకున్న సంచిలో వేసుకునేవాళ్ళున్నారు, నోట్లో పట్టుకునేవాళ్ళున్నారు. పెద్దకోడలు నోట్లో పట్టుకునేది. అలాగే మాట్లాడగలిగేది కూడా. ఆ క్లిప్పులే లేకపోతే ఇంకెన్ని మాటలు వినాల్సొచ్చేదోనని ఆమె భర్త అప్పుడప్పుడు కస్టమర్లతో అనేవాడు, ఆమె మేడ మీద ఉందని రూఢి చేసుకుని.

ఆ శుక్రవారం లాడ్జి దుప్పట్లన్నీ ఒకేసారి వాళ్ళ లాండ్రీకి వచ్చిపడ్డాయి. పొద్దున చిన్నకోడలు ఆరేసిన మొదటి రెండు తాళ్ళూ స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. భోజనాలయ్యాక ఆరేసిన మూడో తాడు చూస్తే ఒకటి నేలకి జీరాడుతోంది, ఒకటి వంకరగా వేలాడుతోంది, ఇంకోటి ముద్దగా తాడు మీదే నిద్రపోతోంది. నాలుగో తాడు ఖాళీ. చిన్నకోడలు పిట్టగోడకి ఆనుకుని తడి దుప్పటి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

పెద్దకోడలు నోట్లోంచి క్లిప్పులు తీసింది. "ఏమ్మా, జోకొడుతున్నావా దాన్ని?"

"చేతులు లేవట్లేదక్కా. ఒక్క పది నిమిషాలు."

"పొద్దున లేచాయిగా."

"పొద్దున లేచాయి," అని ఒప్పుకుంది చిన్నకోడలు. ఆ పిల్లకి అబద్ధమాడడం రాదు. తన కేసు తనే పాడుచేసుకునేది.

గోడ పట్టుకుని లేచి, దుప్పటి ఎలాగో తాడు మీదికి తోసి, క్లిప్పు పెట్టబోయింది. క్లిప్పు తాడుకి జానెడు పక్కన గాలిని కరుచుకుంది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ గాలే.

"తాడు రెండుగా కనిపిస్తోందక్కా."

"మంచిదేగా. రెండిటి మీదా ఆరెయ్యి. పని తొందరగా తెములుతుంది."

పక్క మేడ మీద జాకెట్లకి గుండీలు కుడుతున్న టైలరమ్మ ఫక్కున నవ్వింది. నవ్వేవాళ్ళుంటే పెద్దకోడలికి మాట ఇంకాస్త పదునెక్కుతుంది. "పొద్దున పులి, మధ్యాహ్నం పిల్లి. మూడు గంటలకి మాత్రం మహారాణి," అంది టైలరమ్మ వైపు తిరిగి. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ఆ మాట మెట్లు దిగి, రెండు వీధులు తిరిగి, చిన్నకోడలికి పేరై కూర్చుంది. మూడుగంటల మహారాణి.

చిన్నకోడలు ఆ మాట విని క్లిప్పు దించింది. నవ్వబోయింది. ఆ నవ్వు ఈమధ్య ఎలాగో ఉంటోంది. పెదవి చివర్లు పైకి లేవకుండా మధ్యలో పళ్ళు మాత్రం కనిపిస్తాయి, ఎవర్నో వెక్కిరిస్తున్నట్టు. ఆ ఎవరో తనేనని పెద్దకోడలు ఎప్పుడో గ్రహించింది.

గ్రహించడంలో పెద్దకోడలికి వీధిలో పేరుంది. కాలేజీలో మూడేళ్ళు కప్పల్నీ బొద్దింకల్నీ కోసింది. మనిషెంత, కాస్త మాటలొచ్చిన కప్ప. కౌంటరు వెనక ఇస్త్రీ చేస్తూనే వచ్చేపోయేవాళ్ళ గోళ్ళు, నడక, కళ్ళ కింద రంగు చూసేది. పాలతని కళ్ళు పచ్చబడ్డాయని అతని పెళ్ళాం కంటే ముందు చూసిందీమె. టైలరమ్మ మెడ కింద వాపు చూసి థైరాయిడ్ అంది, పరీక్షలో అదే తేలింది. తన భర్త మూడు చెంబుల నీళ్ళు తాగి నాలుగోదానికి లేచినప్పుడు షుగరంది, అదీ తేలింది. అప్పట్నుంచీ ఆస్పత్రికి పోయేవాళ్ళు ముందు లాండ్రీ దగ్గర ఆగి, నాలుక చూపించి వెళ్ళడం అలవాటు చేసుకున్నారు.

అంతటి మనిషి పక్కనే పనిచేస్తున్న తోడికోడల్ని చూడకుండా ఎలా ఉంటుంది? చూసింది. ఎడమ కంటి రెప్ప పొద్దున మామూలుగా ఉండి, మధ్యాహ్నం దాటాక దుకాణం షట్టరులా సగం దిగుతుంది. అన్నం తినేటప్పుడు నాలుగు ముద్దలు బాగానే నములుతుంది, ఆ తర్వాత అరచేయి గడ్డం కింద పెట్టి దవడని పైకి నెట్టుకుంటుంది. నా వంటని దవడతో మొయ్యాల్సొస్తోందా అనుకుంది పెద్దకోడలు. సాయంత్రానికి గొంతు ముక్కులోకి పోతుంది. పెళ్ళయి రెండేళ్ళు దాటినా ఇంకా గారాలే అనుకుంది. అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం, ఓ అరగంట నడుం వాలిస్తే చాలు, అప్పుడే ఇస్త్రీ చేసిన బట్టలా లేచొస్తుంది.

జబ్బయితే జబ్బులా ఉండాలి. పొద్దున సెలవు పెట్టి, పనివేళకి డ్యూటీలో చేరే జబ్బు ఎక్కడైనా ఉంటుందా? పెద్దకోడలు దీనికి ఏనాడో పేరు పెట్టేసింది. ఒళ్ళు వంగకపోవడం. మందు లేదు.

*

అలాగని ఆమె న్యాయం తప్పే మనిషి కాదు. నిజంగా జబ్బేమోనన్న అనుమానానికి ఓ అవకాశం ఇవ్వాలి కాబట్టి వీధి చివర డాక్టరు దగ్గరికి ఇప్పటికి రెండుసార్లు తీసుకెళ్ళింది. శనివారం మూడోసారి. మూడుసార్లూ షాపు తెరవకముందు, పొద్దున్నే. మధ్యాహ్నమయితే ఇస్త్రీ పెట్టెలు వేడెక్కి ఉంటాయి, వ్యాను బయల్దేరాలి, మూటలు కట్టాలి. డాక్టరు కోసం ఎవరు దిగుతారు? పైగా పొద్దున అక్కడ జనం ఉండరు.

"నా వేళ్ళు గట్టిగా పట్టుకోమ్మా," అన్నాడు డాక్టరు.

చిన్నకోడలు పట్టుకుంది.

"సరే, సరే, వదులు," అని ఆయన వేళ్ళు దులుపుకున్నాడు. కళ్ళలోకి లైటు వేశాడు. మోకాలి మీద సుత్తితో కొట్టాడు. రక్తపరీక్ష కాగితాలు తిరగేశాడు. "అన్నీ బాగానే ఉన్నాయి. బలానికి రాసిస్తాను." తర్వాత పెద్దకోడలి వైపు కాస్త వంగి, "ఇంట్లో ఏమైనా గొడవలా?" అన్నాడు.

"ఇంట్లో నేనే ఉంటానండీ."

డాక్టరు చీటీ రాయడంలో పడ్డాడు.

తిరిగొచ్చేటప్పుడు చిన్నకోడలు సంచి భుజాన వేసుకుని చరచరా నడిచింది. పెద్దకోడలు వెనకాల రొప్పుకుంటూ వచ్చింది. మలుపు దగ్గర ఆగి చిన్నకోడలే వెనక్కి చూసి, "మెల్లిగా రా అక్కా, తొందరేముంది?" అంది. పేషెంటు చేత అనిపించుకోవాల్సిన మాటా అది? పెద్దకోడలికి ఒళ్ళు మండింది. షాపుకి రాగానే ఫోనందుకుని ఆడపడుచుకి చేసింది.

"రేపు మధ్యాహ్నం వస్తావా వదినా? తేల్చెయ్యాల్సిన సంగతొకటుంది."

తేల్చెయ్యాల్సిన సంగతి ఇదీ: చిన్నదాన్ని కొన్నాళ్ళు పుట్టింటికి పంపడం, పనికి మనిషిని పెట్టుకోవడం, బుద్ధొచ్చాక వెనక్కి తెచ్చుకోవడం. బుద్ధి ఎప్పుడొచ్చిందో చూసి చెప్పేది ఎలాగూ పెద్దకోడలే. వ్యాను నడిపే మరిదికి ఇది ఇష్టం లేదు, కానీ అతని ఇష్టాయిష్టాలు ఆ ఇంట్లో ఎవరి దాకా వచ్చేవి కావు. అన్న కంటే చిన్న, అక్క కంటే చిన్న, వదిన కంటే మరీ చిన్న.

*

ఆడపడుచు తీర్పులు చెప్పడానికే పుట్టిన మనిషి. ఆదివారం వచ్చీ రాగానే ఫ్యాను కిందున్న ఒకే ఒక్క మంచి కుర్చీలో కూర్చుని, "ఊఁ, చెప్పండి," అంది. షాపు షట్టరు సగానికి దించారు. ఇస్త్రీ బల్ల మీద పెద్దకోడలి భర్త, తలుపు దగ్గర మరిది. చిన్నకోడలు మడత దుప్పట్ల దొంతర పక్కన స్టూలు మీద. పొద్దున్నుంచీ ఇంటెడు చాకిరీ చేసింది, రేపటి మూటలు కూడా కట్టింది. ఆడపడుచు ముందు మంచిదనిపించుకోవాలని కాబోలు. రెప్ప అప్పటికే వాలిపోయింది.

పెద్దకోడలు మొదలుపెట్టింది. మొదట మాటల్తోనే చెబుదామనుకుంది. కానీ మూడో తాడు సంగతి దగ్గర ఆడపడుచు నవ్వడంతో లేచి నిలబడింది. ఎడమ కన్ను సగం మూసి, తల వెనక్కి వాల్చి, రెప్ప కిందనుంచి లోకాన్ని చూస్తూ నడిచింది. అరచేయి గడ్డం కింద పెట్టి దవడని ఎత్తుకుంటూ గాలిని నమిలింది. తాడు పక్కన క్లిప్పులు పెట్టింది. చివరికి పళ్ళు మాత్రమే కనిపించే ఆ నవ్వు నవ్వి, ముక్కుతో, "ఒక్క పది నిమిషాలక్కా," అంది.

ఆడపడుచు కళ్ళనీళ్ళు తుడుచుకుంది. భర్త బల్ల చరిచాడు. మరిది నేల చూస్తూ నిలబడ్డాడు కానీ అతని భుజాలు కూడా ఓసారి కదిలాయి. చిన్నకోడలు ఆ భుజాల్ని చూసింది.

"నువ్వేమంటావమ్మా మరి?" అంది ఆడపడుచు, న్యాయంగా.

"వదినా, నేను కావాలని..." చిన్నకోడలి గొంతు మొదట బాగానే వచ్చింది. నాలుగైదు మాటలయ్యాక ముక్కులోకి జారింది. ఆ తర్వాత మాటల అంచులు అరిగిపోయాయి. ఏదో చెబుతోంది, కావాలి అనో, కాదు అనో. ఆగిపోయింది.

"చూశావా? నేను చెప్పడం దేనికి, నీ ముందే," అంది పెద్దకోడలు. గ్లాసులో నీళ్ళు పోసి ఇచ్చింది. "ఇదిగో, తాగి శుభ్రంగా చెప్పు."

చిన్నకోడలు తాగింది. గుటక పడలేదు. నీళ్ళు ముక్కులోంచి వచ్చాయి. దగ్గబోయింది కానీ దగ్గు కూడా సగమే వచ్చింది. మొహం నల్లబడింది, తల ముందుకు వేలాడిపోయింది. రెండు చేతులతో గడ్డం పట్టుకుని తన తలని తనే పైకెత్తుకుంది, పొయ్యి మీంచి కుండ దించుకునేవాళ్ళలా. ఎత్తి, పెద్దకోడలి మొహంలోకి చూసింది.

పెద్దకోడలి పెదాల మీద ఆ దొంగ నవ్వు ఇంకా ఉంది. తీసెయ్యాలని తోచడానికి ఆమెకి కాస్త టైం పట్టింది.

"వ్యాను తియ్యి," అంది భర్తతో. కానీ మరిది అప్పటికే చిన్నకోడల్ని భుజం మీద వేసుకుని షట్టరు కిందనుంచి వంగి బయటికి వెళ్ళిపోయాడు.

*

ఆస్పత్రి అత్యవసర విభాగంలో డ్యూటీ డాక్టరు కుర్రపిల్ల. గొంతులో గొట్టం పెట్టి తడంతా లాగేసి, ఆక్సిజన్ పెట్టి, మంచం తలవైపు ఎత్తించి కూర్చోబెట్టింది. ఊపిరి కాస్త కుదుటపడ్డాక బల్ల దగ్గరికి వచ్చి కలం తీసింది.

"ఏం జరిగింది, ఎప్పట్నుంచి? వివరంగా ఎవరు చెప్తారు?"

"మా వదిన చెప్తుంది," అన్నాడు మరిది. "అన్నీ ఆవిడకే తెలుసు."

అందులో వెటకారం లేదు. ఉన్నా బాగుండుననిపించింది పెద్దకోడలికి.

చెప్పడానికి నోరు తెరిచింది. తెరిస్తే, లోపల తయారుగా ఉన్నది ఒక్కటే. గంట క్రితం షాపులో చెప్పిందే. వేరేగా చెబుదామంటే వేరేది లేదు. బియ్యంలో రాళ్ళేరినట్టు మాటమాటకీ నవ్వుల్ని ఏరి పారేస్తూ చెప్పింది. పొద్దున బాగుంటుంది. మధ్యాహ్నం నుంచి రెప్ప వాలుతుంది, ఎడమది ముందు. ఒకటి రెండుగా కనిపిస్తుంది. చేతులు తలపైకి ఎత్తే పనిలో అలిసిపోతుంది, చేతులు కిందుంచి చేసే పని కాస్త నయం. నాలుగు ముద్దలు నమిలాక దవడ ఆగిపోతుంది. మాట్లాడేకొద్దీ గొంతు ముక్కులోకి పోతుంది. నవ్వితే పెదవి చివర్లు లేవవు.

డాక్టరమ్మ రాయడం ఆపేసింది. "పడుకుంటే తగ్గుతుందా?"

"అరగంట పడుకుంటే మామూలు మనిషవుతుంది."

"మళ్ళీ పని చేస్తే?"

"మళ్ళీ అంతే."

"ఇంతకుముందు డాక్టరుకి చూపించలేదా?"

"మూడుసార్లు. ఏమీ లేదన్నారు." పెద్దకోడలు ఆగింది. "పొద్దున్నే తీసుకెళ్ళేవాళ్ళం."

"అయ్యో. అప్పుడు ఏముంటుంది కనబడ్డానికి?" అంది డాక్టరమ్మ. "పడుకున్నప్పుడు ఆయాసం, ఊపిరాడకపోవడం ఉందా?"

"ఆయాసమా, అదేం లేదండీ. వాలిందంటే నిద్రే," అంది పెద్దకోడలు. ఈ ఒక్క జవాబూ తడుముకోకుండా వచ్చింది.

డాక్టరమ్మ రబ్బరు చేతితొడుగులో ఐసు ముక్కలు పోయించి మూతి ముడేసింది. చిన్నకోడల్ని కళ్ళు మూసుకోమని, దాన్ని ఎడమ రెప్ప మీద ఆనించి పట్టుకుంది. కాసేపటికి తొడుగు తీసి, "ఇప్పుడు తెరువమ్మా," అంది.

రెప్ప లేచింది. పూర్తిగా, పొద్దుటి రెప్పలా. నెలల తర్వాత ఆ వేళప్పుడు ఆ కన్ను నిండా తెరుచుకుంది. ఎదురుగా ఉన్నది పెద్దకోడలు కాబట్టి ముందు ఆమెనే చూసింది.

"చల్లదనానికి కాసేపు పనిచేస్తుంది," అంది డాక్టరమ్మ. ఆమె గొంతులో సంతోషం, దాచుకుందామన్నా దాగనంత. "నరం చెప్పే మాట కండకి సరిగా అందట్లేదు. మొదట్లో అందుతుంది, పని చేసేకొద్దీ తగ్గిపోతుంది. విశ్రాంతి తీసుకుంటే మళ్ళీ కాస్త అందుతుంది. మయస్తీనియా అంటారు. అరుదైనదే. రక్తపరీక్ష పంపి ఖాయం చేసుకుంటాం, మందులున్నాయి, భయపడకండి." తర్వాత పెద్దకోడలి మోచెయ్యి పట్టుకుంది. "ఇది చాలామందికి ఏళ్ళతరబడి బయటపడదు, తెలుసా? పొద్దున బాగుండి సాయంత్రం బాగుండకపోతే ఇంట్లోవాళ్ళు బద్ధకం అనుకుంటారు, నటన అనుకుంటారు. మీరు అలా కొట్టిపారెయ్యకుండా ఇంత చూశారు. ఆమె అదృష్టం."

పెద్దకోడలు మోచెయ్యి వెనక్కి తీసుకోలేకపోయింది, ఉంచనూ లేకపోయింది.

కారిడార్లో మరిది ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. "నువ్వు లేకపోతే ఇది ఏమైపోయేదో వదినా. నేను మధ్యాహ్నం నవ్వాను కూడా." ఆ మాట మీద భుజంతో కళ్ళు తుడుచుకున్నాడు. తప్పంతా తనదేనని అనుకుంటున్నాడు. కాదని చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. ఆమె దగ్గర ఎప్పుడూ వాక్యాలకి కొరత లేదు.

"పోయి మొహం కడుక్కో," అంది.

*

సోమవారం పొద్దున బట్టల కోసం ఇంటికి వెళ్తే, కబురు ఆమె కంటే ముందే వీధికి చేరింది. భర్త కౌంటరు దగ్గర నిలబడి అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతున్నాడు. "డాక్టర్లకే అంతుపట్టలేదు. మా ఆవిడ వరసగా చెప్పుకుపోతుంటే ఆ డాక్టరమ్మ కలం కింద పెట్టేసిందట." టైలరమ్మ పళ్ళు పట్టుకొచ్చింది.

"నీ కళ్ళకి దణ్ణం తల్లీ. మరి ఎలా ఉంది మహా..." టైలరమ్మ నాలుక్కరుచుకుంది.

పెద్దకోడలికి తల కొట్టేసినట్టయింది. పళ్ళు అందుకుని, "నయం," అంది.

ఆస్పత్రికి వచ్చేసరికి చిన్నకోడలు మంచం మీద దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉంది. రాత్రి వేసిన మాత్రలకి మొహంలో కాస్త జీవం వచ్చింది. పెద్దకోడలు ఏదో ఒకటి అనాలనుకుంటూ ఉండగానే పెద్ద డాక్టరు వచ్చాడు. ఆయన వెనక తెల్లకోట్లు తొడుక్కున్న విద్యార్థులు అరడజను మంది, కోడి వెనక పిల్లల్లా.

"ఈవిడేనా?" అన్నాడాయన పెద్దకోడల్ని చూపించి. డ్యూటీ డాక్టరమ్మ అవునంది. "అమ్మా, నిన్న మీరు చెప్పింది మళ్ళీ ఒక్కసారి వీళ్ళకి చెప్తారా? ఒక్క ముక్క మార్చకుండా. రోగాన్ని యంత్రాలు పట్టుకోవు, ఇలాంటి చూపు పట్టుకుంటుంది. వినండి, నేర్చుకోండి."

పెద్దకోడలు చెప్పింది. మంచం అంచు పట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా. మధ్యలో దవడ సంగతి వచ్చినప్పుడు అలవాటుగా చెయ్యి గడ్డం దాకా లేచింది. దాన్ని రెండో చేత్తో పట్టుకుని కిందికి దించింది. విద్యార్థులు గబగబా రాసుకున్నారు. చిన్నకోడలు తెల్ల దుప్పటి మీద లేని ముడతని వేలితో సరిచేస్తూ వింది. రెండు రోజుల్లో ఈ పాఠం ఆమె వినడం ఇది మూడోసారి.

కళ్ళజోడు పెట్టుకున్న అమ్మాయొకతె అడిగింది. "ఇంత జాగ్రత్తగా ఎందుకు గమనించారండీ? ఏమైనా అనుమానం వచ్చిందా?"

దుప్పటి మీద కదిలే చిన్నకోడలి వేలు ఆగింది.

"పక్కపక్కనే పని చేస్తాం కదా," అంది పెద్దకోడలు.

"ఇంటికొకరు మీలాంటివాళ్ళుంటే మాకు పనుండదు," అన్నాడు పెద్ద డాక్టరు. "ఒక్కటీ వదల్లేదు." కూర్చున్న చిన్నకోడలి చేత ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టించాడు, బాగానే లెక్కపెట్టింది. రేపట్నుంచి మంచం వంచి మామూలుగా పడుకోబెట్టవచ్చని నర్సుకి చెప్పి పక్క గదికి కదిలాడు.

పెద్దకోడలు గిన్నె మూత తీసి, మెత్తగా కలిపిన అన్నం చెంచాతో అందించింది. చిన్నకోడలు నమిలింది. చెయ్యి గడ్డం కిందికి పోలేదు. రెండో చెంచా, మూడోది. అయిదోదాని దగ్గర ఆగి, నీళ్ళు గుటకేసి, సరిగ్గా గొంతు దిగాయని నిర్ధారణ చేసుకుని, అంది.

"అక్కా, ఒకటి వదిలేశావు."

"ఏంటి?"

"పడుకుంటే ఊపిరాడదు. గుండెల మీద మూట పెట్టినట్టుంటుంది. మూడు వారాలవుతోంది. అందరూ పడుకున్నాక లేచి, బీరువాకి ఆనుకుని కూర్చునే నిద్రపోతున్నా."

పెద్దకోడలి చేతిలో చెంచా అలాగే ఉండిపోయింది. "మధ్యాహ్నాలు నడుం వాల్చేదానివి కదా?"

"గోడకి ఆనుకునేదాన్ని. నువ్వు మెట్లెక్కుతున్న చప్పుడయితే చాప మీదికి జారేదాన్ని."

"ఎందుకు?"

"కూర్చుని నిద్రపోతే అది కూడా చేసి చూపిస్తావు కదా." చిన్నకోడలు కోపంగా అనలేదు. లాడ్జి దుప్పట్లు ఎన్నొచ్చాయో చెప్పినట్టు చెప్పింది. "నిన్న డాక్టరమ్మ అడిగినప్పుడు చెబుదామనుకున్నా. నోరు లేవలేదు. ఈలోపు నువ్వు లేదన్నావు. నువ్వే లేదన్నాక ఇక లేదేమో అనుకున్నా."

పెద్దకోడలు గిన్నె కింద పెట్టింది. కారిడార్లోకి వచ్చేసరికి పెద్ద డాక్టరు చివరి గది ముందున్నాడు. చుట్టూ ఆ తెల్లకోట్లే. ఆయనొక్కణ్ణీ పక్కకి పిలవచ్చు. కాళ్ళు ఆగకపోవడం వల్ల నేరుగా వాళ్ళ మధ్యకే వెళ్ళి నిలబడింది.

"పడుకుంటే ఊపిరాడట్లేదటండీ. మూడు వారాల్నుంచి."

ఆయన వెంటనే తిరిగాడు. "నిన్న లేదని రాసి ఉందే?"

"నేనే లేదన్నాను. ఆమెని అడగలేదు."

నర్సుకి ఆయన రెండు మాటలు చెప్పాడు, ఆమె పరుగెత్తింది. ఆయన కూడా నడుస్తూనే అడిగాడు. నిలదీస్తున్నట్టు కాదు, అర్థంకాక. "అన్నీ అంత బాగా చూశారు. ఇది మీ కంటికి ఎలా తప్పిపోయింది?"

"నా కంటికి పడకుండా దాచుకుంది." పెద్దకోడలు ఆయన అడుగులో అడుగు వేస్తూ చెప్పింది. అడుగు ఆపితే మాట కూడా ఆగిపోతుందని భయం. "నేను చూసింది జబ్బని కాదండీ. పనిదొంగ అని రుజువు చెయ్యడానికి చూశాను. నిన్న మధ్యాహ్నం ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టి ఇదంతా చేసి చూపించాను, ఆమె ముందే. నవ్వారు. మీకు చెప్పింది అదే. నవ్వించేవి తీసేసి చెప్పాను."

కళ్ళజోడు అమ్మాయి రాస్తూ రాస్తూ ఆగిపోయింది. పెద్ద డాక్టరు నడక వేగం పెంచాడు. ఏదో ఒకటంటే బాగుండునని పెద్దకోడలు ఎదురుచూసింది. ఆయన గదిలోకి వెళ్ళి, మంచం ఒక్క క్షణం వంచి, చిన్నకోడలి పొట్టా ఛాతీ ఎలా కదులుతున్నాయో చూసి, వెంటనే మళ్ళీ ఎత్తించాడు. మంచం వంచకూడదని గట్టిగా చెప్పాడు. ఊపిరి కొలిచే గొట్టం తెప్పించి పడుకోబెట్టి ఒకసారి, కూర్చోబెట్టి ఒకసారి ఊదించాడు. రెండు అంకెలూ చూసి పెదవి బిగించాడు. మధ్యాహ్నానికల్లా ఇంకో వార్డుకి మార్చాలన్నాడు, ఊపిరి యంత్రం పక్కనే ఉండే వార్డుకి. రేపు పడుకోబెట్టి ఉంటే, అని ఏదో అనబోయి చిన్నకోడల్ని చూసి ఆపేశాడు.

బయటికి వెళ్తూ గుమ్మంలో ఆగాడు. "ఇంకా ఏమైనా దాచిందేమో కనుక్కోవాలి. చిన్నవైనా సరే." ఒక్క క్షణం ఆలోచించాడు. "మీకు చెప్తుందా, మా డాక్టరమ్మని పంపించమంటారా?"

"తెలీదండీ," అంది పెద్దకోడలు. జబ్బుల విషయంలో ఆ మాట ఆమె నోటినుంచి రావడం ఆమే మొదటిసారి విన్నది. "అడిగి చూస్తాను."

గదిలో నర్సు చిన్నకోడలి వేలికి క్లిప్పేదో తగిలించి వెళ్ళిపోయింది. పెద్దకోడలు స్టూలు లాక్కుని కూర్చుంది. ఎక్కడ చూడాలో తెలియలేదు. ఇన్నాళ్ళూ చూసిన చోటికి చూడ్డానికి మొహం చెల్లలేదు. గోడ మీది ప్లగ్గుని చూస్తూ అడిగింది.

"నాకు చెప్పనివి ఇంకా ఉన్నాయా?"

చిన్నకోడలు దుప్పటి అంచు మడతపెట్టింది, మళ్ళీ విప్పింది.

"ఉన్నాయి," అంది చిన్నకోడలు. "కోప్పడవు కదా?"

పెద్దకోడలు తల అడ్డంగా ఊపింది. అది చాలదనిపించి ప్లగ్గు మీంచి చూపు తిప్పి, మొహం ఆమె వైపు పెట్టింది. చిన్నకోడలు వెంటనే మొదలుపెట్టలేదు. రెండు కళ్ళూ బాగా తెరిచి, ఆ మొహంలో ఏముందో ముందు తను పరీక్షగా చూసింది.